రాత్రి తొమ్మిదింటికి ఒక్క ఎపిసోడ్: మా ఇంట్లో నిలిచిన సిరీస్‌లు

మాది విశాఖపట్నంలోని మర్రిపాలెం. 2020లో లాక్‌డౌన్ సడలించాక స్మార్ట్ టీవీ కొన్నాం. మొదటి ఏడాది అందరిలాగే తెల్లవార్లూ చూసేవాళ్లం. పది ఎపిసోడ్ల సిరీస్‌ని రెండు రాత్రుల్లో ముగించి, వారం తిరక్కుండానే అందులో ఎవరెవరున్నారో మర్చిపోయేవాళ్లం. ఇలా కాదని 2021 నుంచి ఓ నియమం పెట్టుకున్నాం. అన్నాలయ్యాక తొమ్మిదింటికి టీవీ పెడతాం, ఒక్క ఎపిసోడ్ చూస్తాం, కట్టేస్తాం. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్‌ని ప్రతి యాప్‌లోనూ తీసేశాం. ఈ పద్ధతిలో ఇప్పటికి నలభైకి పైగా సిరీస్‌లు మొదలుపెట్టి, సగం మధ్యలోనే వదిలేశాం.

చూసేది నలుగురం: నేను, మావారు, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, డెబ్భై నాలుగేళ్ల మా అత్తయ్య. మర్నాడు పొద్దున్న అత్తయ్య చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ "ఆ పిల్లడేటైపోయాడో పాపం" అన్నారంటే ఆ సిరీస్ చూడొచ్చు. ఆవిడ ఆ ఊసే ఎత్తకపోతే, లోకమంతా మెచ్చుకున్నా సరే, మూడో రోజుకి మేమూ వదిలేస్తాం. ఎపిసోడ్ చివర పెట్టే ట్విస్టు ఆ రాత్రికి నిద్ర పట్టనివ్వదు గానీ తెల్లారి కాఫీ తాగేసరికి దిగిపోతుంది. అందులోని మనుషుల మీద బెంగ పుడితేనే మర్నాటి దాకా ఆగి మళ్లీ కూర్చుంటాం.

అలా కూర్చోబెట్టిన వాటిలో నేను అందరికంటే ముందు చెప్పేది 'ది రైల్వే మెన్'. 2023 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, నాలుగే ఎపిసోడ్లు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు లీకైనప్పుడు రైల్వే స్టేషన్‌లో ఉన్న ఉద్యోగులు ఏం చేశారన్నది కథ. కే కే మీనన్ వేసిన స్టేషన్ మాస్టర్ పాత్రకు గులాం దస్తగీర్ అనే నిజమైన మనిషి స్ఫూర్తి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్ ఆయన. ప్రయాణికులతో కిక్కిరిసిన గోరఖ్‌పూర్ రైలుని టైము కంటే ముందే పంపించి వాళ్లని కాపాడారు.

మా మావయ్యగారు వాల్తేరు డివిజన్‌లో గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు, ఇప్పుడు లేరు. రైల్వే కథంటే అత్తయ్య ఇష్టంగానే కూర్చున్నారు. విషవాయువు ప్లాట్‌ఫారం మీదికి చేరే ఘట్టంలో ఒకసారి ఆవిడ వైపు చూశాను. చీర కొంగు నోటికి, ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. "ఆపమ్మా" అన్నారు. వెంటనే ఆపేశాను.

మాకు అది ఎక్కడో జరిగిన సంగతి కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ గ్యాస్ లీకైంది. గోపాలపట్నం వైపు నుంచి కట్టుబట్టలతో, చంటిపిల్లల్ని భుజాన వేసుకుని వచ్చినవాళ్లని మా గుమ్మంలోంచి చూశాం. కళ్లు కడుక్కోమని అత్తయ్య బిందెలతో నీళ్లు తెచ్చి గేటు దగ్గర పెట్టారు. ఆ పొద్దు మళ్లీ కళ్ల ముందుకి వచ్చి ఉంటుంది. ఇక ఈ సిరీస్ చూడరేమో అనుకున్నాను. మర్నాడు తొమ్మిది కాకుండానే ఆవిడే రిమోట్ తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆ స్టేషన్ మాస్టరేం చేశాడో చూడాల" అన్నారు. దొంగ పాత్ర నాకు నమ్మబుద్ధి కాలేదు, చివర్లో సినిమా హడావుడీ ఎక్కువే. అయినా ఈ నాలుగు ఎపిసోడ్లూ విశాఖవాళ్లు తప్పకుండా చూడాలంటాను.

'స్కామ్ 1992' కూడా రోజుకొకటి చూడబట్టే మాకు బాగా అర్థమైంది. సోనీ లివ్‌లో 2020లో వచ్చింది, పది ఎపిసోడ్లు. స్టాక్ మార్కెట్ కుంభకోణం చేసిన బ్రోకర్ హర్షద్ మెహతాగా ప్రతీక్ గాంధీని చూస్తే నటన అనిపించదు. మావారిది బ్యాంకు ఉద్యోగం కాబట్టి, ఎపిసోడ్ అయ్యాక బాండ్లు అమ్మి కొన్నాళ్లకి తిరిగి కొనుక్కునే రెడీ ఫార్వర్డ్ డీల్ అంటే ఏంటో, వెనక ఆ బాండ్లు (సెక్యూరిటీలు) లేకుండానే బ్యాంక్ రసీదుల మీద డబ్బు ఎలా చేతులు మారిందో పిల్లాడి రఫ్ నోట్‌బుక్‌లో బొమ్మ వేసి చెప్పేవారు. వరసపెట్టి చూసుంటే ఆ బొమ్మలకి తీరికెక్కడిది? ఒక్కటే జాగ్రత్త: బూతులున్నాయి, పిల్లలు పక్కనుంటే ఆలోచించుకోండి.

తెలుగులో 'దూత' (ప్రైమ్, 8 ఎపిసోడ్లు) 2023 డిసెంబరు 1న వచ్చింది. మిచాంగ్ తుపాను రోజుల్లో చూశాం. తెర మీద వాన, కిటికీ బయటా వాన. పేపరు ముక్కలో చదివింది నిజమైపోతుండటం నాగచైతన్య పాత్రని వణికిస్తుంది. ఆ వారం మా ఇంట్లో పొద్దున్నే పేపరు మడత విప్పాలంటే చెయ్యి ఓ క్షణం ఆగేది. మొదటి సగం చాలా బాగుంది, పాతకథలోకి వెళ్లాక సాగింది.

'90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' ఆరు రాత్రులు మా ఇల్లే చూసుకున్నట్టుంది. లెక్కల మాస్టారిగా శివాజీ, ఆయన భార్యగా వాసుకి. అమ్మానాన్నలతో కలిసి చూడండి. 'సేవ్ ది టైగర్స్' మొదటి సీజన్ హాయిగా నవ్విస్తుంది, రెండోదానికి అంత సరదా లేదు. 'పంచాయత్' హిందీలోనే గొప్ప. అత్తయ్యకి హిందీ అంతగా రాదు కాబట్టి దాన్నే తెలుగులో తీసిన 'సివరపల్లి' పెట్టాను, ఆవిడకి నచ్చింది.

ఇక 'అమృతం'. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది, ఇప్పుడు యూట్యూబ్‌లో ఉంది. టెన్షన్‌గా ఇంటికొచ్చిన రోజు మాకు అదే మందు. మధ్యలో అమృతరావు పాత్రధారులు మారారు గానీ గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు మారలేదు. అది మొదలైనప్పుడు మా అబ్బాయి ఇంకా పుట్టనేలేదు. అయినా ఇంటి ఓనరు అప్పాజీ గొంతు వినపడగానే పుస్తకం మూసి వచ్చేస్తాడు. ఒకరిని కించపరిచి నవ్వించే కామెడీ కాదది. అప్పులు, అద్దె, ఆడక నష్టపోతున్న హోటల్, ఆశ: ఆ కష్టాల్లోంచే నవ్వు పుట్టింది. నా లెక్కలో తెలుగు టీవీలో ఇంతకు మించింది రాలేదు.

యాప్‌ల గురించి ఒక్క మాట. అన్నిటికీ ఏడాది చందా కట్టొద్దు. ఒక యాప్‌లో చందా రద్దు చేసినా మరో రెండు నెలలు డబ్బు కట్టయింది, తిరిగి రాబట్టుకోవడానికి నానా తంటాలు పడ్డాం. అప్పట్నుంచి నెలకి ఒక్క యాప్ తీసుకుని, అందులో చూడాల్సింది చూసేసి ఆపేస్తున్నాం. రోజుకొక ఎపిసోడ్ లెక్కన నెలకి మూడు సిరీస్‌లు అవుతాయి, అంతకన్నా అక్కర్లేదు.

వచ్చే సంక్రాంతికి పలాస నుంచి అత్తయ్య తమ్ముడు వస్తున్నారు. ఆయనా రైల్వేలోనే చేశారు. నాలుగు రాత్రులు ఉండేట్టు రమ్మని ఆవిడ ఫోన్లో ఇప్పుడే చెప్పేశారు.