పదేళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక ‘యాక్టివిటీ’ స్కూలు

మాది నల్లగొండ. బైక్ మెకానిక్ షాపు నడుపుతాను. మా పెద్దోడు 2015లో రెండో తరగతిలో చేరాడు, 2024లో టెన్త్ అయిపోయి పాలిటెక్నిక్‌కు పోయాడు. పాప ఎల్కేజీ నుంచి అదే ప్రైవేటు స్కూల్లో ఉంది, ఇప్పుడు ఏడో తరగతి. స్కూలు పేరు రాయను. ‘పిల్లలు చేసి చూసి నేర్చుకుంటారు’ అని బ్రోచర్లో వేసుకునే బళ్లు ఎక్కువయ్యాయి. చేర్చమంటావా అన్నా అని షాపుకొచ్చే ప్రతి నలుగురిలో ఒకరు అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

చిన్న తరగతులకు వంక పెట్టను. పెద్దోడు చేరిన ఏడు టీచరమ్మ ఇంటి నుంచి చింతగింజలు తెమ్మన్నది. పదేసి గింజలు ఒక మూట. 52లోంచి 27 తీసేయాలంటే, రెండు గింజల్లోంచి ఏడు పోవు కాబట్టి ఒక మూట విప్పాలి. మేం చదువుకున్నప్పుడు ‘పక్కింట్లో అప్పు తెచ్చుకో’ అని నేర్పారు. ఆ అప్పు ఎందుకో, ఎవరు తీరుస్తారో నాకెప్పుడూ తెలియలేదు. మావోడు మూట విప్పుతుంటే పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను.

పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం షాపుకొచ్చి, “డాడీ, సైకిల్ వాల్ ట్యూబు ఉన్నదా?” అని అడిగింది. అగ్గిపుల్లలను ఆ సన్న రబ్బరు ముక్కలతో కలిపి ఆకారాలు చేయాలట. చెత్త సామానుతో బొమ్మలు చేసి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా దేశమంతా తిరిగి పిల్లలకు చూపించిన పద్ధతి ఇదేనని తర్వాత తెలిసింది. నాలుగు పుల్లల చతురస్రాన్ని మూల మీద నొక్కితే పక్కకు ఒరిగిపోయింది. మూడు పుల్లల త్రిభుజం మాత్రం కదల్లేదు. చతురస్రానికి మూల నుంచి మూలకు ఇంకో పుల్ల కడితే అదీ నిలబడింది. పాప షాపులో గోడకు ఆనించిన సైకిల్ వైపు చూసి, “అందుకేనా ఫ్రేముకు అట్ల ఏటవాలు కడ్డీ ఉండేది?” అన్నది. ఇరవై ఏళ్లుగా ఫ్రేములకు వెల్డింగ్ పెడుతున్నాను, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

ఆరు నుంచి ఎనిమిది దాకా స్కూలు బాగుందా లేదా అన్నది పూర్తిగా సార్‌ను బట్టే. మాకు దొరికిన సైన్స్ సార్ మంచివాడు. పెద్దోడు ఎనిమిదిలో ఉండగా ఎవరి ఊరి బోరు నీళ్లు వాళ్లు తెమ్మన్నాడు. గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్ బాటిల్‌లోనే తేవాలని మరీ మరీ చెప్పాడు. మా అమ్మ మర్రిగూడ వైపు ఉంటుంది. నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లే ఆ పక్క మనుషుల నడుములు వంగిపోయాయని ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి కానీ, ఇంటి వెనక పాత బోరు ఇంకా ఉంది. మావోడు అందులోంచి పట్టుకొచ్చాడు.

టెస్ట్ కిట్‌లో గులాబీ రంగు పసుపు వైపు ఎంత జరిగితే ఫ్లోరైడ్ అంత ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా అమ్మ బోరు నీళ్లు చుక్కలు పడగానే పసుపెక్కాయట. తర్వాత పటిక, సున్నం వేసి కలిపి, తేరనిచ్చి, పైతేట తీసి మళ్లీ చూశారు. ఈ పద్ధతికి పుస్తకాల్లో ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది, నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది. మొదటిసారి పటిక తక్కువై రంగు పెద్దగా మారలేదు. సార్ తప్పేమిటో చెప్పకుండా, “మళ్లీ చేయండి” అని మాత్రం అన్నాడట. మూడోసారికి కుదిరింది. ఆ ఆదివారం వాడు ఊరికి పోయి, “నాయనమ్మా, నీ తప్పేం లేదే, నీళ్లే అట్లున్నయ్” అన్నాడు. మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

2024లో అదే సార్ పాప వాళ్ల ఆరో తరగతిని నీడల పాఠం కోసం పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్లాడు. మాకు నాలుగు కిలోమీటర్ల దూరం. లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను మేమంతా మొక్కి వచ్చేవాళ్లమే తప్ప, ఏ స్తంభానిదని అడిగింది లేదు. పిల్లలు ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చూశారు. ఏ ఒక్కదాని నీడా కాదది. బయటి వెలుగు నేరుగా కాకుండా స్తంభాల మధ్య నుంచి చెదిరి లోపలికి వస్తుంది, దాంతో ఏర్పడే నీడ. తిరిగొచ్చాక అట్టపెట్టె గుడి, చాక్‌పీసు స్తంభాలు, టార్చి లైటు. పాప వాళ్ల గుంపు గుడిలో నీడ పడనే లేదు. అయినా మార్కులు కోయలేదు, ఎందుకు పడలేదో రాయమన్నాడు.

ఆ అక్టోబరులోనే సార్‌కు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. సంతోషమే. కానీ మిగిలిన ఏడంతా సైన్స్ పీరియడ్ అంటే స్మార్ట్ బోర్డు మీద వీడియో. యాక్టివిటీ ఫీజు మాత్రం 2,500 పూర్తిగా కట్టించుకున్నారు. నా పెద్ద ఫిర్యాదు ఇదే. ఆ పద్ధతి స్కూలుది కాదు, ఆ సార్‌ది.

ఇంకోటి, ఎగ్జిబిషన్లు. వీటిలో నా తప్పూ ఉంది. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుకు మార్కులుంటాయి కాబట్టి ఒకసారి గడియారం సెంటర్ దగ్గర స్టేషనరీ షాపులో థర్మాకోల్ సౌర కుటుంబం 350 రూపాయలకు కొనిచ్చాను. ఆ రోజు హాల్లో అదే షాపు సౌర కుటుంబాలు మరో మూడు కనిపించాయి. ఒకదానిలో శనికి వలయం కూడా లేదు. మా దానికే ప్రైజు వచ్చింది.

తొమ్మిది, పది గురించి రాయడానికేం లేదు. ల్యాబ్‌కు తాళం, పొద్దున ఏడు గంటలకు స్టడీ అవర్, మధ్యాహ్నం ఫౌండేషన్ మెటీరియల్, రాత్రికి బిట్లు. ఏమిటని అడిగితే, “పేరెంట్స్ మార్కులే అడుగుతారు సార్” అన్నారు. అది అబద్ధమని అనలేకపోయాను. పెద్దోడు పాలిటెక్నిక్‌లో చేరిన నెలకు ఫోన్ చేసి, “వోల్ట్ మీటర్ ముట్టుకోవాల్నంటే సగం మంది భయపడుతున్నరు డాడీ, నేనే కలిపిస్తున్న” అన్నాడు. వాడికి ఆ ధైర్యం ఎనిమిది దాకా చేసిన పనులతో వచ్చిందా, షాపులో నా పక్కన కూర్చోవడం వల్ల వచ్చిందా అన్నది మా ఇంట్లో తేలని పంచాయితీ.

చూడ్డానికి వెళ్లేవాళ్లు రంగుల గోడలు, స్మార్ట్ బోర్డు చూసి రాకండి. ల్యాబ్ తెరవమనండి. టెస్ట్ ట్యూబులన్నీ కొత్తవిగా మెరుస్తుంటే అనుమానించండి, నాలుగు పగిలి ఉంటే మంచిది. పోయిన ఏడు సైన్స్ సార్ ఇప్పుడూ ఉన్నాడా, తొమ్మిదో తరగతికి ల్యాబ్ పీరియడ్ టైంటేబుల్లో ఉందా కూడా అడగండి.

ఈ ఏడు కొత్త టీచరమ్మ వచ్చింది. మొన్న పాప తెల్ల యూనిఫాం మీద పసుపు మరక చేసుకొచ్చి, దాన్నే సబ్బు పెట్టి రుద్ది ఎర్రగా చేసి చూపించింది. వాళ్లమ్మ తిట్టింది. నాకు మాత్రం ఎనిమిదో తరగతి ఫీజు కట్టొచ్చనిపించింది. తొమ్మిదికి మాత్రం ఆ ల్యాబ్ తాళం సంగతి తేలాకే కడతాను.