గొడుగు కింద చీకటి: రీఫ్ ట్యాంకుకు అదనపు ఎల్ఈడీ బార్లు, మూడేళ్ల వాడకం తరువాత

పంపులన్నీ ఆపి, నీరు నిలకడ పడ్డాక, లైటుకూ నీటికీ మధ్య అరచెయ్యి చాపి ఇసుక మీద పడే నీడను చూడండి. మూడేళ్ల కిందట, పగడాలు పెంచే నా ఉప్పునీటి ట్యాంకులో ఆ నీడకు అయిదు వేళ్లూ విడివిడిగా కనిపించేవి. వెలుగు ఒకే చోటు నుంచి వస్తేనే నీడ అంత పదునుగా పడుతుంది. అదనపు లైట్లు కొనాలన్న ఆలోచన ఆ నీడను చూశాకే వచ్చింది. అంతకుముందు పగడాల కొమ్మలు కింద నుంచి చచ్చిపోతుంటే నెలల తరబడి నీటి ప్రవాహాన్ని తప్పుపట్టాను, కంటికి కనిపించని పురుగులను అనుమానించాను, చివరికి ఏ పాపమూ ఎరుగని ఒక చేపను కూడా వేరే ట్యాంకుకు మార్చాను.

నా ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 50 లోతు. పైన రెండు ప్రధాన ఎల్ఈడీ లైట్లు వేలాడుతుంటాయి. మంచి లైట్లే, కానీ ఒక్కొక్క దానిలో వెలుగంతా అరచేతి వెడల్పు చోటు నుంచే వస్తుంది. పగడాలు చిన్న ముక్కలుగా ఉన్నంతకాలం ఆ ఇబ్బంది తెలియలేదు. మాంటిపోరా అనే పగడం పళ్లెంలా విచ్చుకుని గొడుగు పట్టాక, దాని కింద ఉన్న అక్రోపోరా అనే కొమ్మల పగడం కొమ్మలు ముందు గోధుమరంగుకు తిరిగాయి. తరువాత మొదలు నుంచి పైకి చర్మం ఊడిపోయి తెల్లటి అస్థిపంజరం మిగిలింది. గొడుగు దాటి బయటికి వచ్చిన కొసలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

పార్ మీటరు అరువు తెచ్చి కొలిచాను. రాతి పైభాగంలో 280, గొడుగు కింద 18. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే 400 నుంచి 700 నానోమీటర్ల కాంతి, ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్‌లు పడుతున్నదో ఆ అంకె చెబుతుంది. అక్రోపోరాకు 200 పైన ఉంటే బాగుంటుందని పెంచేవాళ్ల అనుభవం. హామర్ లాంటి పెద్ద పాలిప్ పగడాలకు 100కు అటూ ఇటూ చాలు. అంటే నా ట్యాంకులో వెలుగు తక్కువై కాదు, అంతా ఒకే దిక్కు నుంచి రావడం వల్ల ఈ తంటా. ప్రధాన లైట్లను ఇంకా పెంచి ఉంటే పైన ఉన్నవి మాడేవి, కింద ఉన్నవి చీకట్లోనే ఉండేవి.

అందుకే ట్యాంకు పొడవునా సాగే రెండు సన్నటి బార్లు తీసుకున్నాను. ఒకటి ముందు అద్దం పైన కాస్త వెనక్కి వంచి, ఇంకొకటి వెనక అంచు మీద వెలుగు నిటారుగా కిందికి పడేలా బిగించాను.

కొనేటప్పుడు నన్ను ముందుగా తికమక పెట్టినవి పెట్టె మీద అంకెలు. ల్యూమెన్లు మన కంటి కోసం పుట్టిన కొలత. కంటికి 555 నానోమీటర్ల దగ్గరి, పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు అన్నిటికన్నా బాగా కనిపిస్తుంది కాబట్టి ఆ వెలుగుకే ఎక్కువ మార్కులు పడతాయి. పగడాల్లోని ఆల్గే బాగా పీల్చుకునే 450 ప్రాంతపు రాయల్ బ్లూకు ల్యూమెన్లలో దాదాపు సున్నా మార్కులే. నేను వదిలేద్దామనుకున్న బారుకు ల్యూమెన్లు సగమే ఉన్నాయి, పార్ మాత్రం ఎక్కువ ఉంది. లక్స్ మీటరుదీ, ఫోనులో ఉచితంగా దొరికే యాప్‌లదీ ఇదే గుణం. ఇక వెలుగు రంగును చెప్పే 14,000 కెల్విన్, 20,000 కెల్విన్ అనే రాతలు. ఒకే అంకె వేసిన రెండు బార్లను పక్కపక్కన వెలిగిస్తే ఒకటి ఊదాగా, ఇంకొకటి మంచు తెలుపుగా కనిపించాయి. ఏ నానోమీటరు దగ్గర ఎంత వెలుగు ఉందో గ్రాఫు చూపించని తయారీదారుల సరుకు జోలికి ఆ తరువాత పోలేదు.

నేను ఎంచుకున్న ముందు బారులో 450, 470 నానోమీటర్ల నీలాలు, కొద్దిగా 420 ఊదా ఉన్నాయి. ఎరుపు దీపాలు వద్దనుకున్నాను. ప్రధాన లైట్ల తెలుపులో ఉన్న ఎరుపు చాలు.

నీలం బారు వెలిగించిన మొదటి సాయంత్రం ఇంట్లో అందరూ ట్యాంకు ముందే కూర్చున్నారు. పగడాల్లో నీలాన్ని పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా తిరిగి వెదజల్లే ప్రొటీన్లు ఉంటాయి. 2008లో రసాయనశాస్త్ర నోబెల్ తెచ్చిపెట్టిన జెల్లీ చేప ప్రొటీనుకు ఇవి చుట్టాలే. చూడటానికి పండగే, కానీ దీనిలో ఒక మోసం ఉంది. నీరసించిన పగడం కూడా నీలం వెలుగులో నవనవలాడుతూ కనిపిస్తుంది. అందుకే ప్రతి ఆదివారం పొద్దున అయిదు నిమిషాలు తెలుపు ఒక్కటే వెలిగించి చూస్తాను. ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో అప్పుడు బయటపడుతుంది.

ఇక నా తొందరపాటు సంగతి. బార్లు బిగించిన రోజే రెండింటినీ నిండా పెట్టేశాను, ప్రధాన లైట్లను తగ్గించలేదు. అయిదో రోజుకు హామర్ పూర్తిగా ముడుచుకుంది. వారం తిరిగేసరికి రాతి పైన ఉన్న అక్రోపోరా ఒక పక్క సున్నం వేసినట్టు పాలిపోయింది. వెలుగు మితిమీరితే పగడం తనలో కాపురముండే ఆల్గేను బయటికి పంపించేస్తుంది, రంగూ తిండీ రెండూ వాటితోనే పోతాయి. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. ప్రధాన లైట్లను 70 శాతం నుంచి 55కు దించి, బార్లను 20 శాతం నుంచి మళ్లీ మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచాను. హామర్ రెండు వారాల్లో విచ్చుకుంది. అక్రోపోరాకు రంగు రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ తెల్లబడిన పక్క మాత్రం ఇక కోలుకోలేదు.

ఎవరూ ముందుగా చెప్పని ఖర్చు ఇంకొకటి ఉంది. నీడలో ఉన్న కొమ్మలు కూడా పెరగడం మొదలయ్యాక నీటిలోని ఆల్కలినిటీ, అంటే పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే క్షారగుణం, వాడకం పెరిగింది. దాన్ని కొలిచే డీకేహెచ్ అనే అంకెలో అంతకుముందు రోజుకు 0.6 తగ్గేది, మూడు నెలలకు 1.1 తగ్గసాగింది. నేను పాత మోతాదే పోస్తూ కూర్చున్నాను. ఒక రోజు పరీక్షలో 8.3 ఉండాల్సింది 6.8 కనిపించేసరికి గుండె జారింది. కొత్త లైటు పెట్టిన వాళ్లు మొదటి మూడు నెలలు రోజు విడిచి రోజైనా పరీక్ష చేసుకోవాలి.

మన్నిక దగ్గరికి వస్తే, వెనక వైపు మొదట పెట్టిన బారు పద్నాలుగో నెలలో మూడో వంతు చీకటైంది. విప్పి చూస్తే చివరి మూత దగ్గర రబ్బరు వదులై లోపల పచ్చటి తుప్పు, దాని మీద ఉప్పు గడ్డ. దీపాలు వరుసగా ఒకదానికొకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒకటి తెగితే ఆ వరుసంతా ఆరిపోతుంది. వారంటీ పన్నెండు నెలలే కదా అని తయారీదారు చేతులు దులుపుకున్నాడు. దాని మీద ఐపీ 67 అని గర్వంగా రాసి ఉంది. ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదని ఆ గుర్తుకు అర్థం. ఏళ్ల తరబడి ఉప్పు తుంపర్లు పడితే ఏమవుతుందో ఆ పరీక్ష చెప్పదు. 50,000 గంటల ఆయుష్షు అన్న మాట కూడా అలాంటిదే. రోజుకు తొమ్మిది గంటల లెక్కన అది 15 ఏళ్లు. కానీ ఆ అంకె దీపాలది మాత్రమే, అదీ సాధారణంగా వెలుగు 70 శాతానికి పడిపోయే వరకు లెక్క. ముందుగా చచ్చేవి మూతలు, దీపాలకు కరెంటును సరిచేసి అందించే డ్రైవర్లు, ఫ్యాన్లు. రెండోసారి కొన్నప్పుడు ఫ్యాను లేనిది, డ్రైవరు విడిగా మార్చుకోగలిగినది చూసుకున్నాను. దానికి ఇప్పటివరకు జలుబు కూడా చేయలేదు.

వారానికొకసారి ఆర్ఓ నీటితో తడిపిన మెత్తటి గుడ్డతో బార్లను తుడుస్తాను. ఒకసారి ఆరు వారాలు మరిచిపోతే ఉప్పు పొర వల్ల పార్ పదో వంతు పైగా పడిపోయింది. తీగను మాత్రం ప్లగ్గు కంటే కిందకు ఒక వంపు వేలాడేలా వదిలి కట్టండి. తీగ వెంట జారిన ఉప్పునీరు ఆ వంపు దగ్గరే నేల మీదకు చుక్కలుగా పడిపోతుంది, ప్లగ్గు దాకా పోదు.

ఫలితం? గొడుగు కింద 18 ఉన్న చోట ఇప్పుడు 52. ఎండిన కొమ్మల మొదళ్ల మీదకు చర్మం మళ్లీ పాకింది. అయితే మాంటిపోరా అడుగు ముఖం ఇంకా పాలిపోయే ఉంది, ఉంటుంది కూడా. బారును ఎంత వంచినా, నీటిలోకి దిగగానే కాంతి నిటారు వైపు వంగుతుంది. ఉపరితలం చదునుగా ఉంటే నీటి లోపల దాని వాలు దాదాపు 48 డిగ్రీలు దాటదు. అడుగు ముఖానికి అందేది ఇసుక మీద పడి తిరిగొచ్చే వెలుగే.

మెత్తటి పగడాలు, మష్రూమ్ పగడాలు మాత్రమే ఉన్న ట్యాంకుకు ఈ హంగామా అక్కర్లేదు. టీ5 గొట్టాలు, అంటే పొడవాటి సన్నటి ట్యూబ్‌లైట్లు, వాడేవాళ్లకు నీడల బాధ ముందే తక్కువ. సాయంత్రం మెరుపు కోసం ఒక నీలం బారు సరదాగా పెట్టుకోవచ్చు, అంతే.

వెనక బారు గురించి నిజం చెప్పాలంటే, అది వెలిగించేది ఎక్కువగా వెనక అద్దాన్నే. అక్కడి నాచు గీకడం నాకు అదనపు పని అయింది. అది ఈసారి పాడైతే మళ్లీ కొనను. ముందు బారు పాడైతే మాత్రం ఆ రోజే కొంటాను. నిన్న మళ్లీ పంపులు ఆపి చెయ్యి చాపి చూశాను. ఇసుక మీద వేళ్లు లేవు, మసకగా ఒక మరక మాత్రం కనిపించింది.