పల్లె పాట పట్టుకోవడానికి ఏది మేలు: ఫోనా, వాయిస్ రికార్డరా, చేతి రికార్డరా?

ఊళ్లో పెద్దవాళ్ల పాటలు, ఒగ్గు కథ, బుర్రకథ రికార్డు చేసి దాచాలనుకునేవాళ్లకి మొదట వచ్చే సందేహం ఒకటే. జేబులో ఫోనుండగా విడిగా రికార్డరు కొనాలా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి మాట్లాడించుకోవడానికైతే ఫోను చాలు. పాటా వాయిద్యమూ కలిసిన చోట మాత్రం రెండు మైకులున్న చేతి రికార్డరు కొనాల్సిందే. ఆ పాట పాడేవాళ్లు మళ్లీ దొరక్కపోవచ్చు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఫోను మైకు చెడ్డదేమీ కాదు. కాకపోతే దాన్ని ఫోన్ మాటల కోసం తయారుచేశారు. గొంతు చిన్నగా ఉంటే పెంచడం, పెద్దదైతే తగ్గించడం, వెనక చప్పుడును తుడిచెయ్యడం అన్నీ అది మనల్ని అడక్కుండానే చేసుకుపోతుంది. ఒగ్గు కథ దగ్గర దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. కథకుడు ఏడుపు ఘట్టంలో గొంతు బాగా తగ్గించి, దాదాపు మాటల్లా చెబుతుంటాడు. ఫోను లెవల్ పెంచుతుంది. దాంతోపాటు జనం గుసగుసలు, జనరేటర్ మోత కూడా పైకొస్తాయి. అంతలో ఒగ్గు డోలు మీద దెబ్బ పడుతుంది. ఫోను మొత్తాన్ని ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది. డోలు ఆగాక కథకుడు అన్న మొదటి రెండు మూడు మాటలు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. ఆ తర్వాత గొంతు మెల్లమెల్లగా మళ్లీ పైకి లేస్తుంది. ఒకసారి ఇలా రికార్డయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా బాగుచెయ్యలేదు.

ఫోనే వాడాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు తీసుకోండి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే పాట మధ్యలో కాల్ వస్తుంది. ఐఫోన్‌లో వాయిస్ మెమోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆడియో క్వాలిటీని లాస్‌లెస్‌కి, అంటే నాణ్యత తగ్గించని పద్ధతికి, మార్చుకోండి. ఆండ్రాయిడ్‌లో వేవ్ (కుదించని) ఫైలు చేసే యాప్ వేసుకోండి, లెవల్‌ను తనంతట తానే పెంచి తగ్గించే ఆటో గెయిన్‌ను ఆపే వీలుందేమో చూడండి. మాటలకైతే కాలర్‌కి తగిలించే వైరు మైకు పెడితే చాలా తేడా వస్తుంది. పూర్తయ్యాక వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి. వాట్సాప్‌లోనే వాయిస్ మెసేజ్‌గా రికార్డు చేసిన పాట మాత్రం దాచుకోవడానికి పనికిరాదు, బాగా కుదించేస్తుంది.

ఇక వాయిస్ రికార్డర్లు. సోనీ ఐసీడీ-పీఎక్స్470 లాంటివి అన్నమాట. లోపల 4 జీబీ మెమరీ, పైన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటు, కంప్యూటర్‌కి గుచ్చడానికి ఒంట్లోనే యూఎస్‌బీ ఉంటాయి. రెండు సన్న సెల్లులతో పదుల గంటలు నడుస్తుంది. విలేకరులకీ, పరిశోధన కోసం గంటలకొద్దీ ఇంటర్వ్యూలు చేసేవాళ్లకీ ఇదే మేలు. కానీ మైకులు, లోపలి సర్క్యూట్ అంతా మాట స్పష్టంగా వినపడడం కోసం. లెవల్‌ను మన చేత్తో కాస్త కాస్తగా సర్దుకునే వీలు ఈ రకంలో తక్కువ. డప్పు ముందు పెడితే ఫోనుకొచ్చిన ఇబ్బందే దీనికీ వస్తుంది. పెన్‌డ్రైవ్ ఆకారంలో, పేరూ ఊరూ లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మేవాటి జోలికి అసలు పోవద్దు.

అసలు పోటీ చేతి రికార్డర్ల మధ్యే. ఈ తరగతిలో చూడాల్సినవి రెండు: టాస్కామ్ డీఆర్-05ఎక్స్, జూమ్ హెచ్1ఎసెన్షియల్. రెండూ అరచేతిలో ఇమిడిపోతాయి. తేడా రెండు విషయాల్లో ఉంది, మైకుల్లోనూ లెవల్‌లోనూ.

టాస్కామ్ మైకులు అన్ని వైపుల నుంచీ సమానంగా వింటాయి. జూమ్‌లో రెండు మైకులు ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీల కోణంలో ఉంటాయి. ముందున్నది బాగా వింటాయి, వెనక చప్పుడు తగ్గుతుంది. బతుకమ్మ ఆడేచోట టాస్కామ్‌కే నా ఓటు. పక్కన నిలబడి పట్టుకుంటే వలయంలో తిరిగే ఒక్కో గొంతూ దగ్గరికొచ్చి దూరమైపోతుంటుంది, పాట చెప్పే ఆమె అవతలికి వెళ్లగానే చరణం మసకబారుతుంది. ముందే అడిగి, వలయం లోపల బతుకమ్మల పక్కన చిన్న స్టాండు మీద పెడితే చెప్పే గొంతు, ‘ఉయ్యాలో’ అని అందుకునే గొంతులు, చప్పట్లు అన్నీ ఒకే తీరులో వస్తాయి. అదే బుర్రకథకో హరికథకో వేదిక ఎదురుగా కూర్చున్నప్పుడు, వెనక పిల్లల గోల, బండ్ల హారన్లు ఉంటాయి కాబట్టి జూమ్ మేలు.

లెవల్ సంగతికొస్తే, టాస్కామ్‌లో మనమే పెట్టుకోవాలి. ఎంత పెద్ద చప్పుడొచ్చినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే నిశ్చింత, సున్నా దాటితే శబ్దం తెగిపోతుంది. కథ మొదలవకముందు వాయిద్యాలు సరిచూసుకుంటారు కదా, అప్పుడే పెట్టుకోండి. అయితే సరిచూసుకునేటప్పుడు కొట్టే దెబ్బ కంటే పూనకం ఘట్టంలో కొట్టే దెబ్బ చాలా పెద్దది, కాబట్టి ఇంకాస్త తగ్గించండి. 24-బిట్‌లో రికార్డు చేస్తే లెవల్ తక్కువైందని భయం అక్కర్లేదు. బిట్‌లు పెరిగేకొద్దీ చిన్న శబ్దానికీ పెద్ద శబ్దానికీ మధ్య ఎక్కువ తేడా ఫైల్లో పడుతుంది. 16-బిట్ లెక్క ప్రకారం దాదాపు 96 డెసిబెల్స్ వ్యత్యాసాన్ని పట్టుకుంటే, 24-బిట్ 144 దాకా పట్టుకుంటుంది.

2024లో వచ్చిన హెచ్1ఎసెన్షియల్‌లో లెవల్ సర్దే బటనే లేదు. 32-బిట్ ఫ్లోట్ అనే, ఇంకా పెద్ద తేడాను పట్టుకునే పద్ధతిలో గుసగుస నుంచి డోలు దాకా మొత్తం ఫైల్లో పడిపోతుంది. కంప్యూటర్లో తెరిచినప్పుడు పైన తెగినట్టు కనిపించిన శబ్దాన్ని కిందికి దించితే ఆకారం చెడకుండా తిరిగొస్తుంది. కెమెరా, రికార్డరు రెండూ ఒక్కరే చూసుకునేటప్పుడు ఇది పెద్ద టెన్షన్ తగ్గిస్తుంది. అయితే 32-బిట్ అనగానే నాణ్యత పెరిగిపోతుందనుకోవడం పొరపాటు. లెవల్ సరిగ్గా పెట్టిన 24-బిట్ రికార్డింగుకీ దీనికీ చెవికి తేడా తెలియదు. పైగా రికార్డరును డోలుకి మరీ ఆనించి పెడితే మైకే తట్టుకోలేక పగిలిన శబ్దమిస్తుంది, దానికి ఫ్లోట్ ఏమీ చెయ్యలేదు. రికార్డయిన ఫైలును కంప్యూటర్లో ఒకసారి సర్దుకోవాలి కూడా. ఆ ఓపిక లేనివాళ్లకి టాస్కామే నయం. జూమ్‌లో ఇంకో మంచి ఏర్పాటుంది. మెనూని గొంతుతో చదివి వినిపిస్తుంది, చూపు లేనివాళ్లు సొంతంగా వాడుకోవచ్చు. రెంటిలో ఒక్కటే కొనమంటే, ఊళ్లు తిరిగి కథలు పట్టుకునేవాళ్లకి నేను జూమే చెబుతాను. ఇంట్లో, గుడిలో, పదిమంది కలిసి పాడేచోట పనైతే టాస్కామ్.

టాస్కామ్ డీఆర్-40ఎక్స్, జూమ్ హెచ్4ఎన్ ప్రో లాంటి పెద్దవాటిలో ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల) మైకులు తగిలించుకోవచ్చు, వాటికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (వైరులోంచే మైకుకి అందే కరెంటు) కూడా ఇస్తాయి. సౌండ్ సెట్ అబ్బాయి మిక్సర్ (మైకులన్నిటినీ కలిపే పెట్టె) నుంచి వైరు తీసుకోవాలంటే ఇవి కావాలి. బుర్రకథలో ముగ్గురి గొంతులూ మిక్సర్‌లోంచి శుభ్రంగా వస్తాయి, కానీ మైకు పెట్టని డక్కీలు అందులో సరిగా రావు. అందుకే ఆ వైరు రెండు ట్రాకుల్లోకి, రికార్డరు సొంత మైకులు మిగతా రెండింట్లోకి తీసుకోవాలి. ఆ అవసరం లేకపోతే బరువూ ఖర్చూ దండగ.

ఏది కొన్నా దూరం విషయం మర్చిపోవద్దు. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. అందుకే అవ్వ పాడుతుంటే మూరెడు దూరంలో, మడతపెట్టిన తువ్వాలు మీద పెట్టండి. తిరగలి పాటో లాలి పాటో పాడుతున్నంతసేపు ఫ్యాను, ఫ్రిజ్ ఆపెయ్యండి. ఎండాకాలంలో ఇది కష్టమే, అయినా పాటకీ పాటకీ మధ్య ఫ్యాను వేసుకోవచ్చు. రికార్డరును చేత్తో పట్టుకోకండి, వేళ్లు కదిలిన చప్పుడంతా అందులో పడుతుంది. ఆరుబయటైతే బొచ్చు తొడుగు తప్పనిసరి, గాలికి స్పాంజి తొడుగు చాలదు.

సెట్టింగు 48 కిలోహెర్ట్జ్ (సెకనుకి 48 వేల నమూనాలు), 24-బిట్, వేవ్. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కనీసంగా చెప్పేది కూడా ఇదే. స్టీరియోలో గంటకి సుమారు 1 జీబీ పడుతుంది, 32-బిట్ ఫ్లోట్ అయితే 1.4 జీబీ దాకా. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 గంటకి 60 ఎంబీ లోపే. అయినా అసలు కాపీ వేవ్‌లోనే ఉంచండి, ఊళ్లోవాళ్లకి పంచడానికి ఎంపీ3 చేసుకోండి. కార్డును కంప్యూటర్లో కాకుండా రికార్డరులోనే ఫార్మాట్ చెయ్యండి. సెల్లు అయిపోయి మధ్యలో ఆగితే ఫైలు పాడయ్యే ప్రమాదముంది, అందుకని కథకీ కథకీ మధ్య ఆపి సేవ్ చేస్తూ ఉండండి. పవర్‌బ్యాంకు పెట్టేవాళ్లు ముందు ఇంట్లో పరీక్షించుకోండి. రికార్డరు తీసుకునే కరెంటు చాలా తక్కువ, కొన్ని పవర్‌బ్యాంకులు ఏమీ తగిలించలేదనుకుని ఆగిపోతాయి.

బటన్ నొక్కే ముందు “అవ్వా, నీ పాట రికార్డు చేసుకుంటం, వేరేటోళ్లకు వినిపియ్యొచ్చా?” అని అడగండి. ఒప్పుకున్న మాట, పేరు, ఊరు, తేదీ ఆ రికార్డింగులోనే పడనివ్వండి. ఫైలు పేరు మారిపోయినా గొంతులో ఆ వివరాలుంటాయి.

సెకండ్ హ్యాండ్‌లో పాత జూమ్ హెచ్1ఎన్ దొరికితే దాన్నీ కొట్టిపారెయ్యకండి. 2018లో వచ్చింది, 24-బిట్ దాకానే, కార్డు 32 జీబీకి మించి తీసుకోదు. కానీ ముందువైపు లెవల్ తిప్పే గుండ్రటి చక్రం ఉంది, ప్రదర్శన మధ్యలో చూడకుండా తిప్పుకోవచ్చు. కొనేముందు రెండు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డు చేసి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఎడమ, కుడి రెండు వైపులా వినండి. ఒకవైపు గరగరమన్నా, మైకు పిన్ను కదిలిస్తే శబ్దం పోతున్నా తీసుకోకండి.