స్విఫ్ట్ కరెంటా, పీటర్‌బరోనా?

కెనడా జూనియర్ ఐస్ హాకీలో చిన్న ఊరి జట్టు చరిత్ర ఒక్కటే చదవాలంటే నా ఓటు స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్‌కే, కాకపోతే పీటర్‌బరో పీట్స్‌నీ తీసిపారేయలేం.

పీట్స్ 1956 నుంచీ ఒకే ఊళ్లో పాతుకుపోయిన జట్టు. తర్వాత మహా కోచ్‌గా పేరు తెచ్చుకున్న స్కాటీ బౌమన్ అక్కడ కోచింగ్ చేశాడు, తర్వాత పెద్ద స్టార్ ఆటగాడైన స్టీవ్ ఐజర్‌మన్ అక్కడ ఆడాడు. ఇంకో కోచ్ రోజర్ నీల్సన్ అయితే మహా గడుసు: పెనాల్టీ షాట్‌కి గోల్‌కీపర్‌ని తీసేసి డిఫెన్స్ కుర్రాణ్ని నిలబెట్టి, షాట్ కొట్టేవాడు పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లని) తాకగానే వాడి మీదికి ఉరకమన్నాడు, ఎందుకంటే అది కుదరదని అప్పటికి రూల్ లేదు! అయినా ఇంత పేరున్న జట్టుకి దక్కిన మెమోరియల్ కప్ (కెనడా జూనియర్ హాకీలో అతిపెద్ద ట్రోఫీ) ఒక్కటే, 1979లో.

బ్రాంకోస్ ఊరు స్విఫ్ట్ కరెంట్ జనాభా 17 వేల లోపే. 1974లో జట్టు లెత్‌బ్రిడ్జ్ అనే ఇంకో ఊరికి వెళ్లిపోయి 1986లో తిరిగొచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 30న రెజైనాకి మ్యాచ్‌కి వెళ్తుంటే బస్సు బోల్తాపడి నలుగురు ఆటగాళ్లు చనిపోయారు, తర్వాత పెద్ద స్టార్ అయిన జో సాకిక్ కూడా ఆ బస్సులోనే ఉన్నాడు. వాళ్ల గుర్తుగా జెర్సీ మీద నాలుగాకుల బొమ్మ, ఒక్కో ఆకులో చనిపోయిన ఒక్కొక్కరి నంబరు: 8, 9, 11, 22. రెండున్నరేళ్లకి, 1989లో, సస్కటూన్ జట్టుని వాళ్ల సొంత ఊళ్లోనే ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడించి మెమోరియల్ కప్ కొట్టేశారు.

ఇక్కడితో ఆపితే సినిమా కథలా ఉంటుంది. కానీ ఆ కప్ గెలిపించిన కోచ్ గ్రాహం జేమ్స్‌కి తన ఆటగాళ్లపై లైంగిక దాడుల కేసులో 1997లో జైలు శిక్ష పడింది. అది వదిలేసి రాసే బ్రాంకోస్ చరిత్రని మాత్రం నమ్మకండి.