క్రిస్మస్ ఖర్చు: ముందే దాచడమా, కార్డు గీకడమా

ఇంటిల్లిపాదికీ బట్టలు, కుట్టుకూలి, గుమ్మానికి స్టార్, కేకు, అరిసెలు, చర్చిలో కానుక, 25న బిర్యానీ. పైగా జనవరి 1 ఆరాధనకు ఇంకో జత!

ఫిబ్రవరి నుంచి బ్యాంకులో నెలకు 1,500 చొప్పున తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్, అదే ఆర్‌డీ కడితే నవంబరులో 13,500, పైన కాస్త వడ్డీ చేతికొస్తాయి. అసలు లాభం దర్జీ దగ్గర. డిసెంబరు సగానికొస్తే "ఇక పట్టనండి" అనేస్తాడు. నవంబరులోనే గుడ్డ ఇస్తే నింపాదిగా కుడతాడు. ఉన్నది అంతే కాబట్టి షాపులో చెయ్యీ అదుపులో ఉంటుంది.

క్రెడిట్ కార్డుతో ఆ అదుపు ఉండదు. గడువులోగా మొత్తం కట్టేస్తే వడ్డీ పడదు, ఆ మాట నిజమే. బిల్లులో చూపే కనీస మొత్తంతో సరిపెడితే మాత్రం చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే బాదుతారు. పిల్లల ఫీజుల టెన్షన్ ఉన్న ఇంటికి నా ఓటు ఆర్‌డీకే.