తగ్గించాలా, కుదించాలా?

వాన పడితే 50 ఓవర్ల మ్యాచ్‌ను 30 ఓవర్లకు ‘కుదించారు’ అని పేపర్లో రాస్తారు. అదే వార్తలో ‘ఓవర్లు తగ్గించారు’ అన్నా తప్పు కాదు. తేడా అక్కడే ఉంది: తగ్గేది ఓవర్ల సంఖ్య, కుదించుకుపోయేది మ్యాచ్ మొత్తం.

ధర, వేగం, జ్వరం, ఉప్పు, టీవీ సౌండ్: ఇవన్నీ తగ్గించేవే. ‘ధర కుదించారు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. వ్యాసం, ప్రసంగం, పర్యటన లాంటివాటిని కుదిస్తాం. నిడివి చిన్నదైనా విషయం నిలవాలి. 2020లో కరోనా వల్ల సీబీఎస్ఈ సిలబస్‌ను 30 శాతం వరకు కోసినప్పుడు రెండు మాటలూ సరిపోయాయి.

మనిషిని చులకన చేసేటప్పుడు మాత్రం ‘తగ్గించి మాట్లాడటమే’. అక్కడ కుదించడానికి చోటే లేదు. వాడుకలో నా ఓటు ‘తగ్గించు’కే. ‘కుదించు’ కాస్త ఆఫీసు కాగితం వాసన కొడుతుంది.