తక్కువ ధరకు కారు క్లీనింగ్: విశాఖలో వాటర్ వాష్ షెడ్డా, నీళ్ల ట్యాంకు బండా, ఒక్క బకెట్టా?

విశాఖలో తక్కువ ధరకు, గంటలోపు కారు శుభ్రం చేసిచ్చే పని మొదలుపెడదామనుకునేవాళ్ల ముందు మూడు దారులున్నాయి. స్థలం అద్దెకు తీసుకుని ర్యాంపు, ప్రెషర్ గన్ పెట్టుకునే వాటర్ వాష్ షెడ్డు ఒకటి. చిన్న ట్రక్కులో నీళ్ల ట్యాంకు, మెషిన్ వేసుకుని ఇంటికే వెళ్లే ట్యాంకు బండి ఇంకొకటి. ఒక బకెట్టు, రెండు డజన్ల మైక్రోఫైబర్ గుడ్డలతో, తర్వాత నీళ్లతో కడిగే పని లేకుండా చేసే రిన్స్‌లెస్ వాష్ మూడోది. ట్యాంకు బండి చూడ్డానికి ఘనంగా ఉంటుంది కాబట్టి చాలామంది దానివైపే మొగ్గుతారు. మా లెక్కలో ఈ ఊళ్లో మొదలుపెట్టడానికి మూడోదే మేలు. కాకపోతే దానివల్ల కాని పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ముందే ఒప్పుకోకపోతే కస్టమర్ కారే పాడవుతుంది.

ఏది మేలో తేల్చేది మురికే. కాన్వెంట్ జంక్షన్, జ్ఞానాపురం, వన్‌టౌన్, మల్కాపురం వైపు పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడి, ఖనిజం దుమ్ము కార్ల మీద పడుతుంది. ఆ పొడి గరుకుగా ఉంటుంది, పొడిగుడ్డతో తుడిస్తే పెయింటు మీద సన్నని గీతలు పడతాయి. పొద్దున్నే వాచ్‌మన్ చేత తుడిపించిన నల్లకారును ఎండలో నిలబెట్టి చూస్తే బానెట్ మీద సాలెగూడులా కనిపించేవి ఆ గీతలే. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి వైపు సంగతి వేరు. అక్కడ ఉప్పుగాలి కారంతటా పల్చని పొరలా పట్టేస్తుంది. అద్దాలు మసకబారతాయి, కింది భాగంలో తుప్పు మొదలవుతుంది. ఉప్పు నీళ్లలో ఇట్టే కరుగుతుంది, దానికి ఖరీదైన మందులేమీ అక్కర్లేదు. నీళ్లు దాని దాకా చేరాలి, అంతే.

షెడ్డు గొప్పదనం అక్కడే ఉంది. కారును ర్యాంపు ఎక్కించి కింది భాగం, మడ్‌గార్డుల లోపల కడగడం ఇంటి దగ్గర కుదరదు. 40 డిగ్రీల కోణంలో నీళ్లు చిమ్మే నాజిల్ పెట్టి, పెయింటుకు 30 సెంటీమీటర్ల దూరం తగ్గకుండా కొడితే పనంతా శుభ్రంగా అవుతుంది. గన్ దగ్గరగా పెడితే స్టిక్కర్లు లేస్తాయి, ఒకసారి రంగు వేయించిన బంపర్ మీద పొర ఊడుతుంది. ఇంజిన్ మీద నేరుగా కొడితే ఫ్యూజు బాక్సు, ఆల్టర్నేటర్‌లోకి నీళ్లు వెళ్తాయి, రేడియేటర్ రేకులు వంగిపోతాయి. తక్కువ ధర షెడ్లలో మరో అలవాటు ఉంది: కడిగాక కింద నిగనిగలాడాలని డీజిల్ స్ప్రే చేస్తారు. డీజిల్ తగిలిన రబ్బరు బుష్‌లు ఉబ్బి మెత్తబడతాయి, పైగా ఆ జిడ్డుకు దుమ్ము ఇంకా ఎక్కువ అంటుకుంటుంది. మీరు షెడ్డే పెట్టినా ఈ పని మాత్రం చేయకండి. ఇక అద్దె, బోరు, కరెంటు, కాలువలోకి మట్టి పోకుండా సిల్ట్ ట్రాప్, ఇద్దరు కుర్రాళ్ల జీతం. కార్లు వచ్చినా రాకపోయినా ఇవన్నీ నెలనెలా కట్టాల్సిందే. వానాకాలం ఒక్క నెల ఖాళీగా పోతే చౌకధరతో నిలదొక్కుకోవడం కష్టం.

ట్యాంకు బండికి అసలు చిక్కు కరెంటు. ఇళ్ల దగ్గర వాడే ప్రెషర్ మెషిన్లు చాలావరకు 1,400 నుంచి 2,000 వాట్ల దాకా ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికేది చాలాచోట్ల 6 ఆంపియర్ల సాకెట్. 230 వోల్టుల దగ్గర అది తట్టుకునేది 1,380 వాట్లే. మెషిన్ పెట్టగానే సాకెట్ వేడెక్కుతుంది, లేదా ట్రిప్ అవుతుంది. జనరేటర్ తెచ్చుకుంటే మోత, పెట్రోలు ఖర్చు. నీళ్ల లెక్క చూస్తే 200 లీటర్ల ట్యాంకు నిండితే 200 కిలోల బరువు, కారుకు 50 లీటర్లు వాడినా నాలుగు కార్లకే అయిపోతుంది. సెల్లార్‌లో పారిన నీళ్లు లిఫ్ట్ గుంటలోకి చేరితే అసోసియేషన్ వాళ్లు మళ్లీ గేటు దాటనివ్వరు. విడి ఇళ్లు, ఖాళీ జాగా ఉన్న పేటల్లో ఇది బాగానే నడుస్తుంది. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ వైపు అపార్ట్‌మెంట్లకు పనికిరాదు.

ఇక రిన్స్‌లెస్. ఇందులో వాడే ద్రావణం దుమ్ము రేణువుల చుట్టూ జారుడుగా పట్టి, వాటిని పెయింటు నుంచి పైకి లేపి గుడ్డలోకి చేరుస్తుంది. తర్వాత నీళ్లతో కడగనక్కర్లేదు. ఎక్కువ రకాలకు 1:256 పాళ్లు, అంటే ఏడున్నర లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు. డబ్బా మీద వేరే పాళ్లు ఉంటే అవే పాటించాలి. చిక్కగా కలిపితే శుభ్రం పెరగదు, మరకలు మిగులుతాయి. బోరు నీళ్లయితే తెల్లచుక్కలు పడతాయి కాబట్టి నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఒకటి దగ్గర పెట్టుకోవాలి. రీడింగ్ 300 దాటితే ఆ నీళ్లు వద్దు. ఆర్‌ఓ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా ఎందుకని కారుకు వాడేవాళ్లున్నారు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ. దానికన్నా ఏసీ నుంచి కారే నీళ్లు మేలు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, ఈ ఊరి ఉక్కపోతకు కావలసినన్ని వస్తాయి. పలుచని బట్టలో వడగట్టి వాడుకోవచ్చు.

బకెట్‌లోని ద్రావణమే పంపు స్ప్రేయర్‌లో నింపి, ఒక్కో భాగం మీద బాగా తడిసేలా కొట్టి రెండు నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే అసలు పని, తొందరలో చాలామంది దాటేసేదీ ఇదే. తర్వాత 300 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) గుడ్డను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. పైకప్పు నుంచి కిందికి, ఒకే దిశలో, చేతి బరువు వేయకుండా లాగాలి, గుండ్రంగా తిప్పకూడదు. సగం డోరుకొక ముఖం చొప్పున మార్చాలి. మురికి గుడ్డ మళ్లీ బకెట్‌లోకి వెళ్లకూడదు. ఒక హ్యాచ్‌బ్యాక్‌కు ఆరు నుంచి ఎనిమిది గుడ్డలు పడతాయి. తుడిచిన వెంటనే ఇంకో పొడిగుడ్డతో ఆరబెట్టాలి, చక్రాలు చివర్లో, వేరే రంగు గుడ్డలతో. బయటి పనంతా అరగంట. ఎండలో వేడెక్కిన బానెట్ మీద చేస్తే తుడిచేలోపే ఆరిపోయి చారలు పడతాయి కాబట్టి ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు, లేదంటే సెల్లార్ నీడలో.

దీనివల్ల కానివి ఇవి. అరకు వెళ్లొచ్చిన కారుకు పట్టిన గడ్డకట్టిన ఎర్రమట్టి మీద గుడ్డ పెట్టకూడదు, ముందు నీళ్లతో జార్చాల్సిందే. కింది భాగంలోని ఉప్పుకు ర్యాంపే దిక్కు. పెయింటులో గుచ్చుకున్న ఇనుప రేణువులకూ నీళ్లు కావాలి. చేతికి పల్చని ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని కడిగిన బానెట్ మీద నిమిరితే అవి గరగరలాడతాయి. ఐరన్ రిమూవర్ కొట్టి మూడు నుంచి ఐదు నిమిషాలకు ఊదారంగు తిరిగాక, ఆరనివ్వకుండా ధారగా కడిగేయాలి. ఇలాంటి కార్లను నమ్మకమైన ఒక షెడ్డుకు పంపే ఒప్పందం పెట్టుకోండి. బీచ్ దగ్గర ఉండేవాళ్లకు నెలకోసారి షెడ్డులో అండర్‌బాడీ వాష్, వారం వారం ఇంటి దగ్గర రిన్స్‌లెస్ సరిపోతుంది.

ఈ ఊళ్లో తరచుగా ఎదురయ్యేది కుంకుమ. ఆశీలుమెట్ట సంపత్ వినాయకుడి గుడిలో పూజ చేయించిన కొత్త కార్ల బానెట్ మీద పసుపు, కుంకుమ ఉంటాయి. తడిగుడ్డ పెట్టి రుద్దితే కుంకుమ రంగు కరిగి బ్యాడ్జీ సందుల్లోకి, నంబరు ప్లేటు అంచుల్లోకి దిగుతుంది. తెల్లకారైతే మరీ అవస్థ. ముందు బ్లోయర్ గాలితో పొడి ఎగరగొట్టి, ద్రావణం ధారాళంగా కొట్టి, గుడ్డను అద్ది తీయాలి. పసుపు చాయ కొంచెం మిగిలితే రుద్దకండి, నాలుగు రోజుల ఎండకు అదే వెలిసిపోతుంది.

లోపలి పనిలో చౌక ప్యాకేజీకి వాక్యూమ్, డ్యాష్‌బోర్డు, అద్దాలు చాలు. సీటు షాంపూ కలపకండి. ఈ గాలి తేమకు ఫోము లోపలి దాకా ఆరదు, రెండో రోజుకే ముక్కిన వాసన మొదలవుతుంది. వాసనొస్తోందని కస్టమర్ అంటే పెర్ఫ్యూమ్ అమ్మే ముందు ఏసీ క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి, తరచూ కారణం అక్కడే దొరుకుతుంది.

ధర వేసేటప్పుడు మీ ఖర్చులు మీరే రాసుకోండి. ఉదాహరణకు నీళ్లు కలపని ద్రావణం లీటరు 1,200 రూపాయలనుకుంటే, కారుకు 30 మిల్లీలీటర్ల చొప్పున 36. ఎనభై రూపాయల గుడ్డలు ఎనిమిది, ఎనభై కార్ల దాకా వస్తే కారుకు 8. గుడ్డలు ఉతకడానికి 10, టైర్లకు మెరుపు తెచ్చే డ్రెస్సింగ్‌కు 10, పెట్రోలుకు 15. మొత్తం 79. కారుకు 250 తీసుకుంటే 171 మిగులుతుంది. ఒకే అపార్ట్‌మెంట్‌లో పొద్దున నాలుగు కార్లు దొరికితేనే ఈ లెక్క నిలబడుతుంది. గాజువాకలో ఒకటి, ఎంవీపీలో ఒకటి అంటే పెట్రోలు, టైము రెండూ తినేస్తాయి. అందుకే విడి కస్టమర్ల కన్నా ఒక బ్లాకుకు నెలవారీ ప్లాను అమ్మండి.

చివరికి నాణ్యత నిలిచేది గుడ్డల మీదే. వాటిని నూలు బట్టలతో కలిపి ఉతక్కూడదు, కంఫర్ట్ లాంటివి వేయకూడదు, వేస్తే పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు. పోర్టు వైపు ఇళ్లలో మేడ మీద ఆరేస్తే బొగ్గు పొడి మళ్లీ వాటిలోకే చేరుతుంది, లోపల ఫ్యాను కింద ఆరేయండి. పని మధ్యలో కింద పడిన గుడ్డను దులిపి వాడకండి, అది ఆ రోజుకు చక్రాలకే.